సూదిదారం నుంచి శ్వేతసౌధం దాకా: ఆండ్రూ జాన్సన్

1865 ఏప్రిల్ 14, శుక్రవారం రాత్రి. వాషింగ్టన్ నగరంలోని కిర్క్‌వుడ్ హౌస్ అనే హోటల్‌లో అమెరికా ఉపాధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ నిద్రిస్తున్నాడు. ఆయన గదికి పైనున్న గదిని జార్జ్ అట్జెరాట్ అనే వ్యక్తి అద్దెకు తీసుకున్నాడు. ఆ రాత్రి జాన్సన్‌ను హతమార్చే పని కుట్రదారులు అతనికి అప్పగించారు. అతనికి ధైర్యం చాలలేదు. మద్యం సేవించి, వీధులలో తిరిగి, ఎటో వెళ్లిపోయాడు. కొద్ది దూరంలో ఫోర్డ్ నాటకశాలలో మాత్రం జాన్ విల్క్స్ బూత్ అనే నటుడు తన పని ముగించాడు. అధ్యక్షుడు అబ్రహాం లింకన్ తల వెనుక నుంచి తూటా దూసుకుపోయింది. అదే సమయంలో మరొకడు విదేశాంగ మంత్రి సెవార్డ్ ఇంట్లో చొరబడి, మంచం పట్టి ఉన్న ఆయనను కత్తితో పొడిచాడు. సెవార్డ్ బ్రతికి బయటపడ్డాడు.

మరునాటి ఉదయం 7 గంటల 22 నిమిషాలకు లింకన్ కన్నుమూశాడు. కొద్ది గంటల తర్వాత ఆ హోటల్‌లోనే, ప్రధాన న్యాయమూర్తి సాల్మన్ చేజ్ సమక్షంలో, ఒక దర్జీ అమెరికా సంయుక్త రాష్ట్రాలకు పదిహేడవ అధ్యక్షుడుగా ప్రమాణం చేశాడు. దర్జీ అన్న మాట ఎగతాళికి వాడినది కాదు. ఆయన నిజంగానే బట్టలు కుట్టి బ్రతికినవాడు, ఆ సంగతిని జీవితాంతం గర్వంగా చెప్పుకొన్నవాడు.

జాన్సన్ 1808 డిసెంబరు 29న ఉత్తర కరోలినా రాష్ట్రంలోని రాలీ పట్టణంలో, ఒక సత్రం ఆవరణలోని చిన్న ఇంట జన్మించాడు. తండ్రి జేకబ్ ఆ సత్రంలో చిల్లర పనులు చేస్తూ, ఊరి గంట కొట్టేవాడు. నీటిలో మునిగిపోతున్న వారిని దూకి రక్షించిన ఆ మనిషి, ఆ తర్వాత కోలుకోలేక 1812లో మరణించాడు. అప్పటికి ఆండ్రూకు మూడేళ్లు. తల్లి మేరీ ఇతరుల బట్టలు ఉతికి, మగ్గం నేసి ఇద్దరు కొడుకులను సాకింది. బడికి పంపే స్తోమత ఆమెకు లేదు. అధ్యక్ష పదవి దాకా ఎదిగిన జాన్సన్ తన జీవితంలో ఒక్క దినమైనా బడిలో కూర్చొని ఎరుగడు.

పదేళ్లు వచ్చేసరికి తల్లి అతణ్ణి జేమ్స్ సెల్బీ అనే దర్జీ వద్ద పనికి కుదిర్చింది. ఇరవయ్యొక్క ఏళ్లు నిండేదాకా యజమాని వద్దనే ఉండి పని నేర్చుకోవాలని ఒప్పందం. ఆ దుకాణానికి చదువుకున్నవారు వచ్చి, కుట్టుపనివారికి పుస్తకాలు, పత్రికలు చదివి వినిపించేవారు. ప్రసంగాల సంకలనం ఒకటి ఆ కుర్రవాణ్ణి ఎంతగా ఆకర్షించిందంటే, అక్షరాలు కూడబలుక్కొని దానినే తన తొలి వాచకంగా చేసుకున్నాడు. 1824లో అన్నతో కలిసి అతడు పారిపోయాడు. పట్టి తెచ్చినవారికి పది డాలర్లు ఇస్తానని సెల్బీ పత్రికలో ప్రకటన వేయించాడు. పారిపోయిన బానిసల కోసం యజమానులు వేయించే ప్రకటనలూ ఆనాటి పత్రికలలో ఇలాగే ఉండేవి. తన మీదనూ ఒక వెల కట్టి అచ్చువేశారన్న సంగతి జాన్సన్‌కు తెలియనిది కాదు. అయితే ఆ అనుభవం అతణ్ణి ఎటు నడిపించింది, ఎటు నడిపించలేదు అన్నదానిలోనే ఆయన కథ అంతా ఉంది.

1826లో తల్లిని, మారుతండ్రిని వెంటబెట్టుకొని, సామాను బండికెక్కించి, కొండలు దాటి టెన్నెసీ రాష్ట్రపు తూర్పు భాగంలోని గ్రీన్‌విల్ చేరుకున్నాడు. మరుసటి ఏడు మే నెలలో, చెప్పులు కుట్టే వాని కుమార్తె ఎలిజా మెకార్డిల్‌ను వివాహమాడాడు. వరుడికి పద్దెనిమిది, వధువుకు పదహారు. ఆ పెళ్లి జరిపించిన స్థానిక న్యాయాధికారి పేరు మార్డెకై లింకన్. ఆయన అబ్రహాం లింకన్ కుటుంబానికి బంధువు. ఎలిజా చదువుకున్న పిల్ల. భర్త కత్తిరింపులు, కుట్లు సాగిస్తూ ఉంటే పక్కన కూర్చొని పుస్తకాలు చదివి వినిపించింది, రాయడం, లెక్కలు నేర్పింది. అమెరికా అధ్యక్షుల భార్యలలో భర్తకు పలక పట్టించిన ఇల్లాలు ఈమే అనుకోవచ్చు.

దుకాణం నడిచింది. అక్కడ చేరేవారి ముచ్చట్లలో రాజకీయం పుట్టింది. 1829లో పట్టణ సభ్యుడు, 1834లో మేయరు, మరుసటి ఏడు రాష్ట్ర శాసనసభ్యుడు, 1843 నుంచి పదేళ్లు అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడు, 1853లో టెన్నెసీ గవర్నరు, 1857లో సెనేటరు. గవర్నరుగా ఉండగా, పూర్వం కమ్మరి పని చేసిన ఒక న్యాయమూర్తి తన చేతితో చేసిన ఇనుప పారను కానుకగా పంపితే, జాన్సన్ స్వయంగా ఒక కోటు కుట్టి ఆయనకు పంపాడు.

డెమోక్రాటిక్ పార్టీలో ఆయన చిన్న రైతుల మనిషి. వందల ఎకరాల పత్తి తోటలు, వందలాది బానిసలు గల దక్షిణాది భూస్వాములంటే ఆయనకు ఒళ్లుమంట. సేద్యం చేసుకునే పేద కుటుంబానికి ప్రభుత్వ భూమి నుంచి 160 ఎకరాలు ఇవ్వాలని 1846 నుంచి పదహారేళ్లపాటు పట్టు విడవకుండా పోరాడాడు. తన పార్టీకే చెందిన దక్షిణాది పెద్దలు దానిని అడ్డుకున్నారు. 1860లో అధ్యక్షుడు బుకానన్ దానిని తిరస్కరించాడు. చివరకు 1862 మే నెలలో లింకన్ సంతకంతో అది చట్టమైంది.

ఇంతటి పేదల పక్షపాతి 1840లలో వేలంలో డాలీ అనే యువతిని కొన్నాడు, తర్వాత ఆమె సోదరుడు శామ్‌ను కొన్నాడు. ఆయనకు భూస్వామి మీద కోపమే తప్ప బానిసత్వం మీద కోపం లేదు. పేద అన్నప్పుడు ఆయన కంటికి కనిపించినది పేద తెల్లవాడు మాత్రమే.

1860 చివర లింకన్ గెలవగానే దక్షిణాది రాష్ట్రాలు ఒకటొకటిగా దేశం నుంచి విడిపోయాయి. వాటి సెనేటర్లు ఒక్కొక్కరుగా లేచి రాజీనామా చేసి వెళ్లిపోయారు. లేవనివాడు ఒక్క జాన్సనే. విడిపోయిన రాష్ట్రాలకు చెంది, సెనేట్‌లో స్థానం వదలని ఏకైక సభ్యుడు ఆయన. 1861 ఏప్రిల్‌లో స్వరాష్ట్రానికి రైలులో తిరిగి వస్తుండగా వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో ఒక గుంపు ఆయన మీద పడింది. టెన్నెసీ చివరకు విడిపోయింది. కాని రాష్ట్రపు తూర్పు కొండప్రాంతం విభజనకు వ్యతిరేకంగానే ఓటు వేసింది. రెండు పక్షాల నడుమ చిక్కిన సరిహద్దు సీమ అది. అన్న ఒక సైన్యంలో, తమ్ముడు మరో సైన్యంలో ఉన్న ఇళ్లు అక్కడ తక్కువేమీ కావు. గ్రీన్‌విల్‌లో జాన్సన్ ఆస్తిని విభజనవాదులు స్వాధీనం చేసుకున్నారు. క్షయతో బాధపడుతున్న ఎలిజాను 1862లో ఇల్లు విడిచిపొమ్మన్నారు. ఆమె సైనిక పంక్తుల నడుమగా ప్రయాణించి నాష్‌విల్‌లో భర్తను చేరుకున్నది. అప్పటికి లింకన్ ఆయనను టెన్నెసీకి సైనిక గవర్నరుగా నియమించి ఉన్నాడు. 1863లో పెద్ద కుమారుడు చార్లెస్ గుర్రం మీద నుంచి పడి మరణించాడు.

1863 జనవరి 1న లింకన్ వెలువరించిన విముక్తి ప్రకటన టెన్నెసీకి వర్తించలేదు. జాన్సనే అందుకు మినహాయింపు కోరాడు. కాని ఆ ఏడు ఆగస్టులో తన ఇంటి బానిసలను తానే విడిచిపెట్టాడు. మరుసటి ఏడు అక్టోబరులో నాష్‌విల్‌లో ఒక రాత్రి దివిటీలు పట్టుకొని వచ్చిన నల్లవారి సమూహం ఎదుట నిలబడి, వారికి తానే మోషేనై దాస్యం నుంచి దారి చూపుతానని మాట ఇచ్చాడు. ఆ రాత్రి విన్నవారు ఆ మాటను నమ్మారు.

అప్పటికే ఆయన ఉపాధ్యక్ష పదవికి లింకన్ జోడీ. యుద్ధకాలంలో దేశం ఒక్కటే అని చాటడానికి రిపబ్లికన్ లింకన్ పక్కన దక్షిణాది డెమోక్రాట్ ఉండడం మేలని 1864లో బాల్టిమోర్ మహాసభ ఎంచుకున్నది. ఎన్నిక గెలిచారు గాని, 1865 మార్చి 4న జరిగిన ప్రమాణ స్వీకారం నగుబాటుగా ముగిసింది. జ్వరంతో నీరసించి ఉన్న జాన్సన్, ఓపిక కోసం విస్కీ పుచ్చుకొని, సభలో పొంతన లేని ప్రసంగం చేశాడు. పత్రికలు తూర్పారబట్టాయి. లింకన్ మాత్రం ఆయనను వెనకేసుకొచ్చాడు. ఆ తర్వాత ఆరు వారాలకే తూటా పేలింది.

లింకన్ మరణించిన తొలి దినాలలో జాన్సన్ మీద ఆశలు పెట్టుకున్నవారు విచిత్రంగా రాడికల్ రిపబ్లికన్లే. లింకన్ మెత్తనివాడని, జాన్సన్ భూస్వాముల నడుము విరుస్తాడని వారు భావించారు. దేశద్రోహానికి కఠిన శిక్ష తప్పదని ఆయన చాటుతున్న రోజులవి. భర్తృవియోగంలో ఉన్న మేరీ లింకన్‌ను తొందరపెట్టక, నెలకు పైగా శ్వేతసౌధం ఆమెకే వదిలి, ఖజానా భవనంలోని ఒక గదిలో పని చేశాడు. జూలై 7న నలుగురు కుట్రదారులను ఉరి తీశారు. తనను చంపలేక వెళ్లిపోయిన అట్జెరాట్ వారిలో ఒకడు.

అయితే అంతకు ముందే, మే 29న, ఆయన వెలువరించిన క్షమాభిక్ష ప్రకటన రాబోయే కలహానికి బీజం వేసింది. విశ్వాస ప్రమాణం చేసిన తిరుగుబాటుదారులకు క్షమాపణ. ఇరవై వేల డాలర్లకు మించిన ఆస్తి గలవారు మాత్రం స్వయంగా అర్జీ పెట్టుకోవాలి. ఒకప్పుడు తనను చిన్నచూపు చూసిన భూస్వాములు వరుసకట్టి వాకిట నిలబడి అర్థించారు. ఆయన వేల సంఖ్యలో క్షమించాడు. దర్జీ కుర్రవాని పాత గాయానికి ఆ వరుసలే మందయ్యాయేమో చెప్పలేము గాని, క్షమాపణతో పాటు వారి భూమీ వారికి తిరిగి వచ్చింది.

ఆ భూమి కథ వేరుగా చెప్పుకోదగినది. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ దక్షిణ కరోలినా, జార్జియా, ఫ్లోరిడా తీరప్రాంతంలో భూస్వాములు వదిలి పారిపోయిన భూములను, విముక్తులైన నల్లవారికి నలభై ఎకరాలకు మించని కమతాలుగా కేటాయించాడు. సుమారు నలభై వేల మంది ఆ భూములలో స్థిరపడి పంట వేశారు. జాన్సన్ ఆదేశంతో ఆ భూములు పాత యజమానులకు మళ్లాయి. ఆ వార్త చెప్పడానికి అక్టోబరులో జనరల్ హోవర్డ్ ఎడిస్టో దీవికి వెళ్లినప్పుడు చర్చిలో గుమిగూడిన జనం దుఃఖంలో మునిగిపోయారు. ఆ దీవి వారు అధ్యక్షుడికి అర్జీ రాసుకున్నారు. తరతరాలుగా తాము చెమటోడ్చిన నేలను కొనుక్కొనే హక్కయినా ఇప్పించమని కోరారు. ఫలితం లేకపోయింది. పేదవానికి 160 ఎకరాల కోసం పదహారేళ్లు పోరాడిన మనిషి వద్దకే ఆ అర్జీ వెళ్లింది.

జాన్సన్ వాదానికీ ఒక తర్కం ఉంది. రాజ్యాంగం ప్రకారం ఏ రాష్ట్రమూ దేశం నుంచి విడిపోజాలదు, కనుక దక్షిణాది రాష్ట్రాలు ఎన్నడూ విడిపోలేదు, తప్పు చేసినవారు వ్యక్తులే. వారిని క్షమించిన పిమ్మట రాష్ట్రాలకు పాత హక్కులన్నీ ఉన్నట్టే. ఎవరికి ఓటు ఇవ్వాలో రాష్ట్రాలు తేల్చుకోవాలే తప్ప కేంద్రం జోక్యం తగదు. ఈ వాదం వెనుక చేరినవారిని ఆనాటి అమెరికాలో కన్సర్వేటివ్‌లు, అంటే సంప్రదాయవాదులు అన్నారు. పాత రాజ్యాంగం, పాత సమైక్యం, పరిమిత కేంద్ర ప్రభుత్వం వారి పట్టుదల. ఎదుటి పక్షం రాడికల్స్. ప్రతినిధుల సభలో థాడియస్ స్టీవెన్స్, సెనేట్‌లో చార్లెస్ సమ్నర్ వారి నాయకులు. ఆరు లక్షలకు పైగా సైనికులు మరణించిన యుద్ధం తర్వాత దేశం పాత దేశంగానే మిగలజాలదని, విముక్తులైన నలభై లక్షల మందికి పౌరహక్కులు లేకపోతే విజయమే వ్యర్థమని వారి వాదం.

1865 వేసవి నుంచి డిసెంబరు దాకా కాంగ్రెస్ సమావేశం కాలేదు. ఆ వ్యవధిలో జాన్సన్ ఏర్పరచిన రాష్ట్ర ప్రభుత్వాలు ఏం చేశాయో చూస్తే వాదాల సంగతి తేలిపోతుంది. మిసిసిపీలో ప్రతి నల్లవాడూ జనవరిలో తాను ఎక్కడ పని చేస్తున్నదీ కాగితం చూపాలి. చూపలేనివాడు దిమ్మరి. వానికి జరిమానా విధించి, కట్టలేకపోతే కూలికి అప్పగించేవారు. దక్షిణ కరోలినాలో సేద్యం, ఇంటి చాకిరీ తప్ప మరో వృత్తి చేయాలంటే నల్లవారు రుసుము చెల్లించి అనుమతి పొందాలి. పదమూడవ సవరణ ఆ డిసెంబరులోనే బానిసత్వాన్ని రద్దు చేసింది. దొడ్డిదారిన అది వేరే వేషంలో తిరిగి వస్తున్నదని ఉత్తరాది వారికి అర్థమైంది. దక్షిణాది ఎన్నుకొని పంపిన ప్రతినిధులను కాంగ్రెస్ లోపలికి రానివ్వలేదు.

నిజానికి అప్పటికీ సయోధ్యకు చోటుంది. ఇల్లినాయ్ సెనేటరు లైమన్ ట్రంబుల్ వంటి మితవాద రిపబ్లికన్లు అధ్యక్షునితో తగవు కోరలేదు. నల్లవారి సహాయ సంస్థ గడువు పొడిగింపు బిల్లు, పౌరహక్కుల బిల్లు ట్రంబుల్ తయారుచేసినవే. జాన్సన్ సంతకం చేస్తాడనే ఆయన నమ్మాడు. 1866 ఫిబ్రవరిలో మొదటిది, మార్చిలో రెండవది వీటో అయ్యాయి. ఆ వీటోలకు ముందే, ఫిబ్రవరి 7న ఫ్రెడరిక్ డగ్లస్ తదితర నల్లజాతి నాయకులు వచ్చి ఓటు హక్కు అడిగితే, వారి మాట సాంతం వినకుండా తానే సుదీర్ఘంగా ప్రసంగించి పంపివేశాడు. అదే నెల 22న శ్వేతసౌధం ఎదుట చేరిన జనంతో మాట్లాడుతూ స్టీవెన్స్‌ను, సమ్నర్‌ను పేరుపెట్టి దేశ శత్రువులుగా నిందించాడు. ఏప్రిల్ 9న కాంగ్రెస్ మూడింట రెండు వంతుల బలంతో పౌరహక్కుల చట్టాన్ని వీటోను తోసిరాజని ఆమోదించింది. అంతటి ముఖ్యమైన చట్టం అలా నెగ్గడం అమెరికా చరిత్రలో అదే మొదటిసారి. ఆయన పదవీకాలంలో మొత్తం పదిహేను వీటోలు ఆ విధంగా వీగిపోయాయి. మరే అధ్యక్షుడికీ అంతటి పరాభవం జరగలేదు.

ఈలోగా నెత్తురు పారింది. మే నెల తొలి రోజులలో మెంఫిస్ పట్టణంలో తెల్లవారి మూకలు, పోలీసులు కలిసి 46 మంది నల్లవారిని చంపారు. బడులను, చర్చిలను తగులబెట్టారు. జూలై 30న న్యూ ఆర్లీన్స్‌లో ఓటు హక్కు కోరుతూ సమావేశమైనవారిపై జరిగిన దాడిలో ముప్పై మందికి పైగా హతులయ్యారు. పుట్టుకతో పౌరసత్వాన్ని, చట్టం ముందు సమానత్వాన్ని కల్పించే పద్నాలుగవ సవరణను ఆమోదించవద్దని జాన్సన్ రాష్ట్రాలకు నచ్చజెబుతుంటే, ఆయన సొంత రాష్ట్రం టెన్నెసీయే ఆ జూలైలో దానిని ఆమోదించి మళ్లీ కాంగ్రెస్‌లో చేరింది.

ఆగస్టులో ఫిలడెల్ఫియాలో సంప్రదాయవాదులందరి మహాసభ జరిగింది. మసాచుసెట్స్, దక్షిణ కరోలినా ప్రతినిధులు చేయి చేయి కలుపుకొని లోనికి నడిచి వచ్చారు. ఆ దృశ్యం చూసి ఉత్సాహపడిన జాన్సన్ రైలెక్కి ఊరూరా ప్రచారానికి బయలుదేరాడు. జనరల్ గ్రాంట్‌ను కూడా వెంట తీసుకువెళ్లాడు. టెన్నెసీ సంతలలో గుంపుతో మాటకు మాట అనడం అలవాటైన నాలుక ఆయనది. క్లీవ్‌లాండ్‌లో, సెయింట్ లూయిస్‌లో ఎవరో కేకలు వేయగానే అధ్యక్షుడన్న సంగతి మరచి జగడానికి దిగాడు. ఆ శరదృతువు ఎన్నికలలో రెండు సభలలోనూ ఆయన ప్రత్యర్థులకు మూడింట రెండు వంతులకు మించిన బలం చేకూరింది.

1867 మార్చిలో కాంగ్రెస్ దక్షిణాదిని అయిదు సైనిక మండలాలుగా విభజించి, నల్లజాతి పురుషులకు ఓటు కల్పించింది. అధ్యక్షుడు తన అధికారులను సెనేట్ సమ్మతి లేకుండా తొలగించరాదని మరో చట్టం చేసింది. యుద్ధమంత్రి స్టాంటన్‌ను కాపాడడమే దాని అసలు ఉద్దేశం. అదే నెలలో రష్యా నుంచి అలాస్కాను 72 లక్షల డాలర్లకు కొన్నారన్న వార్త ఈ రభసలో ఎవరికీ పట్టలేదు.

1868 ఫిబ్రవరి 21న జాన్సన్ స్టాంటన్‌ను తొలగించాడు. మూడు రోజులకే ప్రతినిధుల సభ 126–47 ఓట్లతో ఆయనను అభిశంసించింది. అమెరికా అధ్యక్షులలో అభిశంసనకు గురైన తొలి వ్యక్తి ఆయనే. సెనేట్ విచారణ చూడడానికి టిక్కెట్లు అచ్చువేయవలసి వచ్చింది. జాన్సన్ స్వయంగా హాజరు కాలేదు. ఎలిజా మేడ మీది గదిలో మంచం పట్టి ఉన్నది. కుమార్తె మార్తా ఇంటి పెత్తనం చూస్తూ, శ్వేతసౌధం పచ్చికలో ఆవులను మేపి, పాలు పితికించి వెన్న తీయించేది. మే 16న ఓటింగు. సెనేటర్లు 54 మంది, పదవీచ్యుతికి కావలసినవి 36 ఓట్లు. వచ్చినవి 35. ఏడుగురు రిపబ్లికన్లు పార్టీని కాదని ఆయనను విడిచిపెట్టారు. వారిలో ఒకరు, తన బిల్లులు రెండింటినీ ఆయన వీటో చేయగా చూసిన లైమన్ ట్రంబుల్. మనిషి మీది కోపంతో పదవిని బలహీనపరచరాదని ఆయన నిశ్చయించుకున్నాడు. పది రోజుల తర్వాత మరో రెండు ఆరోపణల మీదా అదే 35–19 వచ్చింది. ఆ వివాదాస్పద చట్టం 1887లో రద్దయింది. అటువంటి చట్టాలు రాజ్యాంగ విరుద్ధమని 1926లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఒక్క విషయంలో దర్జీ కొలత సరిగ్గానే ఉంది.

ఆ ఏడు డెమోక్రాట్లు కూడా ఆయనను అభ్యర్థిగా నిలపలేదు. క్రిస్మస్ నాడు తిరుగుబాటుదారులందరికీ బేషరతుగా క్షమాపణ ప్రకటించి, 1869 మార్చి 4న గ్రాంట్ ప్రమాణ స్వీకారానికి వెళ్లకుండానే ఇంటిదారి పట్టాడు. దిగిపోయే అధ్యక్షుడు వారసుని వేడుకను అలా బహిష్కరించడం ఆ దేశంలో మళ్లీ 2021లో డొనాల్డ్ ట్రంప్ చేశాడు.

గ్రీన్‌విల్‌లో సుఖం లేదు. తిరిగి వచ్చిన కొద్ది వారాలకే మరో కుమారుడు రాబర్ట్ ఆత్మహత్య చేసుకున్నాడు. 1873లో కలరా సోకి జాన్సన్ చావు అంచు దాకా వెళ్లి వచ్చాడు. రెండు ఎన్నికలలో ఓడాడు. అయినా వదలక, 1875లో టెన్నెసీ నుంచి తిరిగి సెనేట్‌కు ఎన్నికయ్యాడు. అధ్యక్ష పదవి తర్వాత సెనేటరైనవాడు ఆయన తప్ప మరొకరు లేరు. తనను దోషిగా తేల్చాలని ఏడేళ్ల క్రితం ఓటు వేసినవారిలో కొందరు అక్కడే ఉన్నారు. ఆయన బల్ల మీద పూలు పెట్టి ఉన్నాయి. ఆ జూలై 31న కుమార్తె మేరీ ఇంట పక్షవాతంతో మరణించాడు. కోరిక ప్రకారం దేహానికి జాతీయ పతాకం చుట్టి, తల కింద రాజ్యాంగ ప్రతి ఉంచి గ్రీన్‌విల్ కొండ మీద ఖననం చేశారు. ఆరు నెలలు తిరగకుండానే ఎలిజా ఆయన పక్కన చేరింది.

చరిత్రకారుల తీర్పు మాత్రం స్థిమితంగా లేదు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో ఆయనను రాజ్యాంగ రక్షకుడుగా కొనియాడిన పుస్తకాలు వచ్చాయి. 1935లో నల్లజాతి మేధావి డుబాయిస్ ఆ చిత్రాన్ని ప్రశ్నించాడు. 1960ల పౌరహక్కుల ఉద్యమం తర్వాత అమెరికా అధ్యక్షుల జాబితాలలో ఆయన పేరు అట్టడుగు వరుసలకు జారింది.

ఆయన ఇంటి బానిసలు విడుదలైన దినంగా చెప్పుకొనే ఆగస్టు 8ని, వారిలో ఒకడైన శామ్ జాన్సన్ 1871లో గ్రీన్‌విల్‌లో పండుగగా జరిపించాడు. ఆ పండుగ చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. నేటికీ టెన్నెసీ నల్లజాతి కుటుంబాలు ఏటా ఆ దినాన భోజనాలతో, ఊరేగింపులతో కలుసుకుంటాయి.